బాలానగరు నుంచి ఆటోనగరుకు

మా ఇంట్లో ఇంతవరకూ కొన్న యంత్రాలన్నిటిలోకీ పెద్దది కుట్టుమిషను. దాని బేరానికి కూడా నన్నెవరూ పిలవలేదు. అటువంటి నన్ను, ముప్పయ్యారేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి ఇంటిపట్టున కూర్చున్నవాణ్ణి, టన్నున్నర పైచిలుకు బరువున్న పాత లేతు మిషనును బేరమాడడానికి హైదరాబాదు రమ్మన్నాడు మా మేనల్లుడు. 2023 జూన్ నెల. రోహిణీకార్తె వెళ్లింది గాని బెజవాడలో ఎండ వెళ్లలేదు.

వాడు పిలిచాడు గనక వెళ్లానంటే అబద్ధం. మా చెల్లెలు పంపింది గనక వెళ్లాను. వాడి తండ్రి పోయిననాటి నుంచీ దాని చేతికి మిగిలినవి నాలుగు బంగారు గాజులు. ఆ నాలుగూ, మెడలోని గొలుసూ బ్యాంకులో పెట్టి లక్షా ఎనభై వేలు తెచ్చింది. వాడు పదకొండేళ్లుగా ఆటోనగరులో ఒకరి షాపులో టర్నరు. ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని సొంతంగా లేతు పెట్టుకోవాలని వాడి కోరిక. కొత్తది కొనే తాహతు లేదు.

"అన్నయ్యా, నీకు లెక్కలొచ్చుగదా. వాడికి మిషను కనబడితే ఇక కళ్లు కనబడవు. నువ్వు పక్కనుండు" అన్నది.

నాకు వచ్చిన లెక్కలకూ లేతు బేరానికీ ఏమి సంబంధమో నాకైతే బోధపడలేదు. కాని నా రిటైర్మెంటు సొమ్ములో ఒక లక్ష కూడా అందులో పడుతున్నది కాబట్టి, వెళ్లడానికి నాకూ కొంత స్వార్థం లేకపోలేదు.

లేతు అంటే ఎరగని గృహిణులకు రెండు మాటలు. కుమ్మరి సారె మీద మట్టి తిరుగుతుంది, చెయ్యి నిలుస్తుంది. లేతు మీద ఇనుము తిరుగుతుంది, ఉలి నిలుస్తుంది. మన పిల్లలాడుకునే ఏటికొప్పాక లక్క బొమ్మలు ఉన్నవి చూడండి, ఆ అంకుడుకర్ర బొమ్మల్ని తిప్పేదీ ఒక రకం లేతే. కర్రకు చేతిలో ఉలి చాలు. ఇనుముకు చెయ్యి చాలదు. అందుకని ఉలిని ఒక బండిలో బిగించి, ఆ బండిని రైలు పట్టాల వంటి రెండు దారుల మీద నడిపిస్తారు. ఆ దారులున్న పొడుగాటి పోత ఇనుప దూలాన్ని బెడ్డు అంటారు. దారి వంకరైతే బండి వంకర, బండి వంకరైతే ఉలి వంకర, ఉలి వంకరైతే తయారయ్యే వస్తువూ వంకరే. పాత లేతు కొనడమంటే ఆ దారి ఎంత అరిగిందో కనిపెట్టడమే. ఈ ముక్క నాకు శాతవాహన ఎక్స్‌ప్రెస్సులో ఖమ్మం దాటేలోగా మావాడు బోధపరిచాడు. పదో తరగతిలో నా దగ్గర లెక్కల్లో రెండుసార్లు తప్పినవాడు!

వాడి సంచిలో తువాలులో చుట్టిన ఒక నున్నటి ఉక్కు కడ్డీ, మట్టం చూసే రసమట్టం, టార్చిలైటు, గడియారం మొహం లాంటి డయల్ గేజి ఒకటి ఉన్నవి. నా సంచిలో పెరుగన్నం ఉన్నది. ఎదురు బెంచీ ఆవిడ ఆ డయల్ గేజి చూసి, "బాబు డాక్టరా అండీ?" అని నన్నడిగింది. ఔనందామా అనిపించింది. రోగిని చూడటానికే గదా వెడుతున్నాము!

సికిందరాబాదులో దిగి, ఆటోలో తాడ్‌బండు మీదుగా బాలానగరు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. హైదరాబాదు అనగానే చార్మినారు, సాలార్‌జంగ్ మ్యూజియం, గోలకొండ అని మనవాళ్లు చూసివస్తారే గాని, బాలానగరు చూసివచ్చామని చెప్పినవారిని నేనెరగను. నిజానికి చూడదగ్గ చోటు. సనత్‌నగరులో ఆల్విన్ కంపెనీ, ఈ పక్క మందులు చేసే ఐ.డి.పి.ఎల్., విమానాల పనిచేసే హెచ్.ఎ.ఎల్., ఇటువంటి పెద్దసంస్థల నీడన చిన్నచిన్న వర్క్‌షాపులు మర్రిచెట్టు కింద మొక్కల్లా లేచినవి. పనిముట్ల రూపకల్పన నేర్పే కేంద్రసంస్థ ఒకటి కూడా 1968లో ఇక్కడే పెట్టారు. ఆల్విన్, ఐ.డి.పి.ఎల్. లాంటి పెద్దచెట్లు పడిపోయినవి. చిన్నమొక్కలు మాత్రం పోలేదు. 2021లో తెరిచిన ఫ్లైఓవరు మీద బస్సులో పోయేవారికి ఇవేవీ కనపడవు. కిందికి దిగి సందులో నడిస్తే, ప్రతి గుమ్మంలోంచీ కొబ్బరి తురుముతున్నట్టు ఇనుము తురిమే చప్పుడు, కాలిన నూనె వాసన, గుమ్మం ముందు ఉంగరాల జుట్టులాంటి ఉక్కు చెక్కుడు గుట్టలు. చెప్పులు జాగ్రత్త! ఆ ఉంగరం ఒకటి నా కొత్త చెప్పును అడుగు దాకా చీల్చింది.

పాత మిషన్ల గోడౌను ఒక సందు చివర. లోపల అడుగుపెట్టేసరికి నాకెందుకో మా ఊరి సత్రం గుర్తుకువచ్చింది. దేశం నలుమూలల నుంచీ వచ్చినవాళ్లు వరసగా పడుకుని ఉన్నట్టున్నది. తుంగభద్ర ఒడ్డున హరిహర్‌లో 1941లో మొదలైన మైసూర్ కిర్లోస్కర్ వారి లేతులు, కోయంబత్తూరు పి.ఎస్.జి. వారివి, పంజాబు బటాలా నుంచి వచ్చిన చిన్నవి. ఎక్కడో పని ఆగిపోయిన వర్క్‌షాపుల్లోంచి, మూతపడ్డ కర్మాగారాల వేలంపాటల్లోంచి వచ్చి చేరినవి. మావాడు వాటినన్నిటినీ దాటుకుని, ఆకుపచ్చ రంగువేసిన ఒకదాని ముందు ఆగిపోయాడు. అంతే, మా చెల్లెలు చెప్పినట్టే, కళ్లు పోయినవి.

అది హెచ్చెమ్టీ లేతు, ఎల్.బి. 17. ఆ 17 అనేది సెంటీమీటర్లలో బెడ్డు నుంచి ఇరుసు ఎత్తు. దాని రేకు మీద హెచ్చెమ్టీ ముద్ర చూచి నేను నా చేతి గడియారం చూచుకున్నాను. అదీ హెచ్చెమ్టీయే, జనతా, తాళమిచ్చేది. మొదటి జీతంతో కొన్నది. మనలో చాలామందికి హెచ్చెమ్టీ అంటే గడియారమే. కాని ఆ పేరులోని మాటలు హిందుస్తాన్ మెషీన్ టూల్స్. యంత్రాలు చేసే యంత్రాలన్నమాట. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఒక బోల్టు కోసే యంత్రానికి కూడా పైదేశాల మొహం చూడవలసి వచ్చేది. 1953లో బెంగుళూరు జాలహళ్లిలో, స్విట్జర్లాండుకు చెందిన ఓర్లికాన్ కంపెనీ సహాయంతో, ఈ సంస్థను ప్రభుత్వం స్థాపించింది. మొదట లేతులు చేశారు. గడియారాలు 1961లో, జపానువారి సిటిజన్ కంపెనీతో కలిసి. ఆ వాచీల విభాగాన్ని మూసివెయ్యాలని 2016లో కేంద్రప్రభుత్వం తీర్మానించింది. నా గడియారానికి ఈ సంగతి తెలియదు. రోజుకు నాలుగు నిమిషాలు వెనకబడుతుందేగాని నడుస్తూనే ఉన్నది.

గోడౌను యజమాని మర్యాదస్థుడు. కుర్చీ వేయించాడు, చాయ్ తెప్పించాడు. "చూస్కోండి సార్. మక్ఖన్ లెక్క నడుస్తది" అని స్విచ్చి వేశాడు. నిజంగా వెన్నలాగానే నడిచింది. కొత్త ఆకుపచ్చ రంగు నిగనిగలాడుతున్నది. పెళ్లిచూపుల్లో పౌడరు ఎక్కువైతే పెద్దవాళ్లు అనుమానించినట్టు నేనూ అనుమానించాను గాని, దేనిని అనుమానించాలో తెలియదుగా!

మావాడు పనిలో దిగాడు. పాత లేతు బెడ్డు అంతటా ఒక్కలా అరగదు. పనంతా ఇరుసు దగ్గర జరుగుతుంది కాబట్టి బండి అక్కడే తిరిగి తిరిగి ఆ రెండు మూర్ల దారినీ అరగదీస్తుంది. అవతలి చివరకు ఏ ఏడాదికో గాని వెళ్లదు. అందుచేత వాడు బండిని ఇరుసు దగ్గర నిలిపి, లొడలొడ లేకుండా బిగించి, చక్రం తిప్పుకుంటూ అవతలి చివరకు తోశాడు. సగం దూరం హాయిగా పోయి, ఆ తరువాత బిర్రబిగుసుకున్నది. "అరుగుదల ఉంది మామయ్యా. ఎంతో విప్పితే గాని తెలియదు. మిల్లీమీటరులో పదిహేను వందల వంతు ఉండొచ్చు" అన్నాడు. పదిహేను వందల వంతు అంటే నూరింట పదిహేను వంతులని వాడి ఉద్దేశం. అక్కడే సరిదిద్దాను. ఆ చివరన టార్చి వేసి చూపించాడు. కర్మాగారంలో చేత్తో గీకిన సన్నని అర్ధచంద్రపు గుర్తులు ఇంకా చెక్కుచెదరకుండా ఉన్నవి. ఇరుసు దగ్గర ఒక్కటీ లేదు, అద్దంలా ఉన్నది. అద్దంలా ఉండటం మంచిది కాదట. చిత్రం!

తరువాత యజమాని ఒక్కొక్క గేరూ మార్చి చూపించాడు. లివరు అటూ ఇటూ తిప్పుతూ, వేగం పెంచుతూ తగ్గిస్తూ, ఎంతో హుషారుగా. ఇక్కడ నా ముప్పయ్యారేళ్ల అనుభవం అక్కరకు వచ్చింది. ప్రశ్నపత్రంలో తనకు రాని లెక్కను దాటవేసే కుర్రవాడిని మొహం చూసి పట్టేస్తాను నేను. ఈయన లివరును ఒక స్థానంలో పెట్టకుండా ప్రతిసారీ దాటిస్తున్నాడు. "ఆ మధ్యది కూడా ఒకసారి వెయ్యండి" అన్నాను.

"అదెవరూ వాడరు సార్."

"వాడకపోయినా వెయ్యండి."

వేశాడు. గోడమీద బల్లి పలికినట్టు టిక్కు, టిక్కు, టిక్కుమన్నది. ఇరుసు తిరిగిన ప్రతి చుట్టుకూ ఒకసారి. లోపల ఒక గేరుకు పన్ను ఊడింది. మావాడు నా వంక చూసిన చూపు నేను వాడి దగ్గర పదో తరగతిలో ఆశించి పొందలేకపోయినది.

రెండు లక్షల డెబ్బై అయిదు వేలన్నది రెండు లక్షల నలభై వేలకు వచ్చింది. ముప్పై అయిదు వేల పన్ను అన్నమాట. దంతవైద్యులు కూడా అంత తీసుకోరు.

మిషనును ఎత్తడం ఒక విద్య. లేతుకు తల బరువు. గేర్లపెట్టె ఉన్న వైపు లాగేస్తుంది, పైబరువు గనక పక్కకు పొర్లుతుంది. బండినీ, అవతలి తోకనీ వెనక చివరకు జరిపి తూకం కుదిర్చాకనే, బెడ్డు కింద నుంచి బెల్టు వేసి హైడ్రా క్రేనుతో లేపి డీసీఎం వ్యానులో దించారు. రాత్రి తొమ్మిదికి కదిలాము. డ్రైవరు పక్కన నేను, నా పక్కన వాడు. చౌటుప్పలు దాటేదాకా వాడు వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు. సూర్యాపేటలో టీ తాగడానికి ఆగినప్పుడు వ్యాను ఎక్కి తాళ్లు బిగించి, ఇక అక్కడే మిషను పక్కన కూర్చున్నాడు. కోదాడ దగ్గర చినుకు పడింది. తన చొక్కా విప్పి ఇరుసు మీద కప్పాడని నందిగామలో తెల్లవారాక గాని నాకు తెలియదు.

ఆటోనగరు బెజవాడ తూర్పువైపున, పటమటకు ఆవల. నెహ్రూ పేరు మీద జవహర్ ఆటోనగర్. 1960ల నాటిది. ఊళ్లో బందరు రోడ్డు పొడవునా చెట్ల కింద లారీలు విప్పి పడేసుకునే మెకానిక్కులందరికీ ఒక చోటు చూపించినట్టయింది. ఆసియాలోకల్లా పెద్దదని ఇక్కడివారు చెప్పుకుంటారు. ఆసియా అంతా తిరిగిచూసినవారు ఎవరో నాకు తెలియదు గాని, ఈ వీధుల్లో దొరకని పని లేదన్నది మాత్రం నిజం. ఒక వీధిలో లారీలకు చెక్క బాడీలు కడుతుంటారు. పక్క వీధిలో కమాను పట్టీలు ఎర్రగా కాల్చి సమ్మెటలతో వంపు తిప్పుతుంటారు. రేడియేటరు మాట్లు వేసేవారు, రంగులు వేసేవారు, లారీ వెనక నెమళ్లూ తామరపూలూ రాసేవారు. ఒక ముసలి లారీ ఈ గేటులో ప్రవేశించి వీధివీధీ తిరిగి పెళ్లికూతురై ఆ గేటులోంచి బయటపడుతుంది. ఇన్ని పనుల వెనకా ఎక్కడో ఒక లేతు ఉండాలి. అరిగిన ఇరుసుకు బుష్షు కావాలన్నా, విరిగిన హబ్బు పూడ్చాలన్నా లేతు దగ్గరకే రావాలి.

మావాడి షెడ్డు ముందు మేస్త్రీగారు మా కోసం నిలబడి ఉన్నారు. డెబ్బై దాటిన మనిషి. చిన్నతనంలో సికిందరాబాదు కవాడిగూడలోని ప్రాగా టూల్స్‌లో పనిచేశారు. 1943లో పెట్టిన ఆ కంపెనీ, యంత్రాలు చేయడంలో హెచ్చెమ్టీ కంటే పదేళ్లు పెద్ద. కంటికి శుక్లాలు తీయించుకున్నారు గాని వేలికి మాత్రం ఇంకా చూపున్నది. బెడ్డు మీద చూపుడువేలు వేసి ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్కసారి నడిపారు.

"మేస్టారూ, పదిహేను కాదండీ, ముప్పై ఉంటుంది" అన్నారు.

విప్పి, సరిచూసే దిమ్మ వేసి, డయల్ గేజితో కొలిస్తే ముప్పై రెండు. అంటే మిల్లీమీటరులో మూడోవంతుకు దగ్గర. మూడోవంతు మిల్లీమీటరేగా, మా ఇంటి తలుపుకు రెండంగుళాల సందుంది, అనుకున్నాను. మావాడి మొహం మాత్రం పాలిపోయింది. "గీకి సరిచేయలేరా బాబాయ్?" అన్నాడు. "పదో పదిహేనో అయితే గీకుతాను. ముప్పై రెండు గీకాలంటే నాకున్న ఆయుష్షు చాలదు. గ్రైండింగుకు పంపాలి" అన్నారాయన. అంత పొడుగు బెడ్డును సానపట్టే యంత్రం ఎక్కడుందయ్యా అంటే, బాలానగరులో! మేము కొన్న గోడౌనుకు రెండు సందుల అవతల. వచ్చిన దారినే బెడ్డు మళ్లీ బయలుదేరింది. ఈసారి నేను వెళ్లలేదు. సానకు 42 వేలు, రానూపోనూ కిరాయి 11 వేలు.

అది తిరిగి వచ్చేలోగా మిగిలిన భాగాలకు స్నానాలు. కిరసనాయిలు పోసిన సగం పీపాలో గేర్లు, మరలు, బేరింగులు. బనీను వేస్టుతో తుడవడం నాకు అప్పగించారు. గేర్లపెట్టె అడుగున చెరుకుపానకం అడుగంటినట్టు నల్లటి మడ్డి, ఆ మడ్డిలో ఊడిన పన్ను. దానిని కడిగి జేబులో వేసుకున్నాను, ఎందుకో. మావాడు ఆ లోటులో వెల్డింగు చేసి ఆకురాయితో పన్ను దిద్దుదామన్నాడు, ఖర్చు కలిసివస్తుందని. మేస్త్రీగారు ఒప్పుకోలేదు. "కట్టుడుపన్ను నమలడానికి పనికొస్తుంది, కొరకడానికి పనికిరాదు" అన్నారు. వెనక వీధిలో గేర్లు కోసేవాడు పళ్లు లెక్కపెట్టి, కొలతలు తీసుకుని, నాలుగు రోజుల్లో కొత్త గేరు కోసి, గట్టిపరిచి ఇచ్చాడు. 6,500 రూపాయలు.

పాత రంగు గీకడం కూడా నా వంతే. ఆ ఆకుపచ్చ కింద బూడిదరంగు, దాని కింద మళ్లీ ఆకుపచ్చ, మళ్లీ బూడిద. ప్రతి పొర మీదా హెడ్‌స్టాకు నుదుట ఒక్కటే చోట ఎర్రటి మరక. మొదట తుప్పు అనుకున్నాను. నూనె గుడ్డతో తుడిస్తే కుంకుమ. ఏటేటా ఆయుధపూజ నాడు పెట్టిన బొట్టు. రంగు వేయించినవాడల్లా దానిని తుడవకుండా దాని మీదనే వేశాడు. ఏ ఊళ్లో, ఏ షాపులో, ఎవరు పెట్టారో! ఆ నాలుగో పొర దగ్గర ఇక గీకబుద్ధి కాలేదు. ఆ రూపాయంత మేర అలా వదిలేశాను. మేస్త్రీగారు చూసి ఏమీ అనలేదు.

బెడ్డు వచ్చింది. ఇప్పుడు ఇంకొక చిక్కు. బెడ్డును సాన పడితే దాని ఎత్తు తగ్గుతుంది. దాని మీద కూర్చునే బండీ ఆ మేరకు దిగిపోతుంది. దిగితే, దాని కిందగా పోయే పొడుగాటి మర బండిలోని రంధ్రానికి సూటిగా ఉండదు. అందుకని బండి అడుగున టర్‌సైట్ అనే ఒక పట్టీ అంటించి, పోయిన ఎత్తును పూరించాలి. నెమలికంఠం రంగున, గట్టి ప్లాస్టిక్కులా ఉంటుంది. నూనెతో కలిసి మహా జారుడుగా ఉంటుంది. అంటించిన తరువాత ఆ పట్టీని బెడ్డుకు అంటీఅంటనట్టు కుదరడానికి చేత్తో గీకాలి. ఈ పని చూడటానికే నేను వారం రోజులు మధ్యాహ్న భోజనం క్యారేజీలో తెచ్చుకున్నాను.

బెడ్డు మీద నీలిమందులాంటి ముద్దను పల్చగా, ఉందా లేదా అన్నట్టు పూస్తారు. బండిని దాని మీద బోర్లించి రెండుసార్లు నడిపి, ఎత్తి చూస్తారు. నీలం అంటినచోటు ఎత్తు, అంటనిచోటు పల్లం. అంటినచోట మాత్రమే, చదునైన ఉలితో, గోరుతో గీరినంత తీస్తారు. తుడిచి, మళ్లీ పూసి, మళ్లీ బోర్లించి. మొదట నాలుగే నాలుగు చుక్కలు కనిపించినవి. సాయంత్రానికి పది. మూడోనాటికి చుక్కల ముగ్గులా అంతటా పరచుకున్నవి. మేస్త్రీగారు ఉలిని చేత్తో కాదు, నడుముతో తోస్తారు. ఒక్కొక్క తోపుకు ఊపిరి బిగించి వదులుతారు. ఆయన దగ్గర ఉలి అడిగి నేనూ ఒక గీత గీశాను. దానిని సరిదిద్దడానికి ఆయనకు పావుగంట పట్టింది.

లెక్కలు చెప్పినవాణ్ణి గనక నాకొక సందేహం వచ్చింది. ఒక దానిని ఇంకొక దానితో సరిపోల్చి చదును చేస్తున్నారు సరే, ఆ మొదటిది చదునని ఎట్లా తెలుసు? రెండూ ఒకదానికొకటి అతికినంత మాత్రాన చదునవుతాయా? దోసిలిలో దోసిలి కూడా అతుకుతుంది! మేస్త్రీగారు నవ్వి, "మూడోది కావాలండి" అన్నారు. తరువాత పుస్తకాలు చూస్తే తెలిసింది, అదొక పెద్ద కథ. లండనులో హెన్రీ మాడ్‌స్లే అనే యంత్రకారుడి దగ్గర పనిచేసిన జోసెఫ్ విట్‌వర్తు ఈ విధానాన్ని 1840లో గ్లాస్గోలో పండితుల సభలో వివరించాడు. మూడు ఇనుప పలకలు తీసుకోవాలి. మొదటిదాన్ని రెండోదానితో అతికేట్టు గీకాలి. అప్పుడు ఒకటి ఉబ్బుగా, ఒకటి గుంటగా ఉండి కూడా అతకవచ్చు. ఇక ఆ రెండిటినీ మూడోదానికి అతికేట్టు చేసి, వాటిని ఒకదానితో ఒకటి పోలిస్తే దొంగతనం బయటపడుతుంది. రెండు ఉబ్బులు ఎన్నటికీ అతకవుగదా! ఇట్లా మార్చి మార్చి గీకితే, మూడూ పరస్పరం అతికిన నాడు మూడూ చదునైనవే. చదునైన వస్తువు ముందుగా ఒక్కటీ లేకుండా చదును పుట్టించాడన్నమాట. ఈ నిరూపణ నాకు ముప్పయ్యారేళ్ల కిందట తెలిసి ఉంటే మావాడు పదో తరగతి మొదటిసారే గట్టెక్కేవాడేమో.

మధ్యలో ఒకరోజు లెక్క చూసుకున్నాము. చెల్లెలిది లక్షా ఎనభై, నాది లక్ష, వాడి కూడబెట్టు అరవై, మొత్తం మూడు లక్షల నలభై వేలు. మిషను రెండు నలభై, కిరాయి పదహారు, సాన, బెడ్డు రానూపోనూ, గేరు, టర్‌సైటూ బేరింగులూ నూనే కలిపి ఇరవైఒకటిన్నర. మూడు లక్షల ముప్పై ఏడు వేలు అయిపోయినవి. చేతిలో మూడు వేలు. మేస్త్రీగారికి ముప్పై వేలు ఇవ్వాలి. షెడ్డు అద్దె, కరెంటు మీటరు డిపాజిట్టు ఉండనే ఉన్నవి. "ఇట్లాగే విప్పినవి విప్పినట్టు ఎవరికైనా ఇచ్చేద్దామా మామయ్యా?" అన్నాడు వాడు, నా మొహం చూడకుండా. విప్పిన లేతుకు పాత ఇనుము ధర తప్ప రాదని వాడికి తెలియదా? నాకేమీ తోచలేదు. మేస్త్రీగారు వింటున్నారని మేమిద్దరమూ ఎరగము. ఉలి నూరుకుంటూ, "నా డబ్బు దీని మీద సంపాదించి ఇద్దువుగాని. ముందు ఆ బండి ఇటు తిప్పు" అన్నారు.

ఆగస్టు చివరికి అన్నీ బిగించారు. కాంక్రీటు దిమ్మ మీద నిలబెట్టి, కాళ్ల కింద మరలు తిప్పుతూ రసమట్టంతో బెడ్డు మట్టం చూశారు. పక్క వీధిలో లారీ పోతే రసం కదిలేది. అందుకని రాత్రి తొమ్మిది దాటాక చూశారు. మర్నాడు పరీక్ష.

పరీక్ష చాలా సులువు. ఒక ఉక్కు కడ్డీని ఒక్క చివర మాత్రమే పట్టించి, ఇరుసు దగ్గర ఒకటి, ఇరవై సెంటీమీటర్ల అవతల ఒకటి, రెండు పట్టెలు ఒకే ఉలితో, ఒకే కదలికలో, సన్నగా కోయాలి. రెండు పట్టెల మందమూ ఒకటే అయితే ఇరుసూ దారీ ఒకే దిక్కు చూస్తున్నట్టు. మావాడు కోశాడు. మైక్రోమీటరుతో కొలిచి, ఏమీ అనకుండా మేస్త్రీగారికి ఇచ్చాడు. ఆయన చూసి నాకిచ్చారు. మొదటిది 38.42 మిల్లీమీటర్లు, రెండోది 38.36. ఇరవై సెంటీమీటర్లకు ఆరు వందవ వంతుల తేడా. మీటరుకు ముప్పై. మళ్లీ అదే ముప్పై! ఇంత చేసీ మొదటికి వచ్చామా అనిపించింది.

"కంగారేం లేదు. తల పక్కకు చూస్తున్నది" అన్నారు మేస్త్రీగారు. సాన పట్టడానికి హెడ్‌స్టాకు విప్పి మళ్లీ పెట్టారుగదా, అది వెంట్రుక వాసి పక్కకు తిరిగింది. మరలు వదులు చేసి, పక్క మరను ఇంత అని చెప్పలేనంత తిప్పి, మళ్లీ బిగించారు. కోశారు. నాలుగు. మళ్లీ. తేడా అటువైపు రెండు. మళ్లీ. మధ్యాహ్నం భోజనాలు చేయలేదు. నా క్యారేజీలో పులిహోర పులిసిపోయింది. ఆరోసారి కోసినప్పుడు చెక్కుడు తెగకుండా పొడుగ్గా, మంగలి దుకాణంలో పసిపిల్లవాడి ఉంగరంలాగా చుట్టుకుంటూ రాలింది. మావాడు కొలిచాడు. రెండోసారి కొలిచాడు. ఈసారి నా చేతికే ముందిచ్చాడు. 37.91. 37.91. వందవ వంతులో తేడా కనపడలేదు.

మేస్త్రీగారు చేతులు కడుక్కోవడానికి వెళ్లి చాలాసేపు రాలేదు.

ఆ వారంలో మా ఇంట్లో జరిగిన రాద్ధాంతం కూడా చెప్పాలి. ఆ నీలం ముద్ద ఉన్నది చూశారూ, అది ఎక్కడో చిటికెడు అంటితే చాలు, అక్కడి నుంచి తువాలుకు, తువాలు నుంచి పంచెకు, పంచె నుంచి పరుపుకు, పరుపు నుంచి మా మనవరాలి యూనిఫారానికి. సబ్బుకు చావదు, సోడాకు చావదు. "లేతు కొన్నదెవరు, చాకిరీ ఎవరికి?" అని మా ఆవిడ అడిగిన ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ సమాధానం లేదు. ఆ పంచె ఇప్పుడు షెడ్డులోనే తుడుపుగుడ్డ.

అక్టోబరులో దసరా. ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి దర్శనానికి జనం కృష్ణ ఒడ్డున బారులు తీరి ఉన్నారు. ఆటోనగరులో మాత్రం ఆ నాడు సమ్మెట చప్పుడు లేదు. ప్రతి షాపూ కడిగి, మిషన్లకు బంతిపూల దండలు వేసి, ఉలికీ సుత్తికీ కూడా బొట్టు పెడతారు. మా చెల్లెలు మొదటిసారి షెడ్డుకు వచ్చింది. అప్పటికి దాని గాజుల్లో ఒక జత బ్యాంకు నుంచి తిరిగి వచ్చింది, రెండో జతా గొలుసూ ఇంకా అక్కడే. మేస్త్రీగారి బాకీలో పదివేలు తీరింది. ఆయన కొత్త చొక్కా వేసుకుని వచ్చి స్టూలు మీద కూర్చున్నారు.

చెల్లెలు లేతు చుట్టూ ఒకసారి తిరిగింది. కొత్తగా వేసిన బూడిదరంగు మధ్య, హెడ్‌స్టాకు నుదుట, నేను వదిలేసిన ఆ రూపాయంత పాత మచ్చను చూసి, "ఇక్కడ రంగు వెయ్యడం మరిచారేమిరా?" అన్నది. వాడు నా వంక చూశాడు. చెబుదామనుకునేలోపల కుంకుమ భరిణ తీసి, సరిగా ఆ మచ్చ మీదనే బొట్టు పెట్టింది.

హారతి ఇంకా ఆరలేదు. గుమ్మంలో ఒక లారీ డ్రైవరు, చంకలో గోనెసంచి చుట్టిన హబ్బుతో నిలబడి ఉన్నాడు. చెప్పులు బయట విడిచి, "పండగని తెలుసండి. లోడు విశాఖపట్నం పోవాలి. ఎంతసేపవుతుందో?" అన్నాడు. మావాడు తల్లి వైపు చూశాడు. అది పళ్లెం పక్కన పెట్టి, లేతుకు వేసిన దండను జాగ్రత్తగా తీసి గోడ మేకుకు తగిలించింది.